ప్రకటనల బల్ల నుంచి అక్షర నిర్మాణానికి: డబ్ల్యు. ఎ. డ్విగ్గిన్స్ వృత్తిమార్పు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

‘గ్రాఫిక్ డిజైన్’ అనే మాటకు వృత్తిపరమైన అర్థాన్ని కల్పించినవారిలో అమెరికన్ కళాకారుడు విలియం ఆడిసన్ డ్విగ్గిన్స్ (1880–1956) ముఖ్యులు. నలభై ఏళ్లు దాటిన తర్వాత ఆయన వాణిజ్య ప్రకటనల నుంచి పుస్తక రూపకల్పనకు, అక్కడి నుంచి టైపు రూపకల్పనకు మారారు. ఈ మార్పును ప్రాణాంతక వ్యాధి తెచ్చిన ఆకస్మిక నిర్ణయంగా చెప్పడం పరిపాటి. కాలక్రమాన్ని పరిశీలిస్తే ఆ వివరణ పూర్తిగా నిలవదనీ, ప్రకటనల రంగంలో టైపును వాడుతూ పెంచుకొన్న అసంతృప్తే ఆయనను కొత్త రంగానికి అర్హుణ్ణి చేసిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చివరి భాగం ఇదే కోణంలో ఆర్. కె. జోషీ ప్రస్థానాన్ని, తెలుగు ఫాంటు ‘గౌతమి’తో దానికున్న సంబంధాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గ్రాఫిక్ డిజైన్, వృత్తిమార్పు, ముద్రణ చరిత్ర, లైనోటైప్, టైపు రూపకల్పన, తెలుగు ఫాంటు, గౌతమి

ఉపోద్ఘాతం

1922 ఆగస్టు 29న ‘బోస్టన్ ఈవెనింగ్ ట్రాన్‌స్క్రిప్ట్’ పత్రికలో ముద్రణ గురించి ఒక వ్యాసం వెలువడింది. కొత్త తరహా ముద్రణకు కొత్త తరహా రూపకల్పన కావాలన్నది దాని సారాంశం. ముద్రణను అందులో మూడు తెగలుగా విభజించారు. అవసరం కోసం చేసే సాదా ముద్రణ ఒకటి, లలితకళగా చేసే ముద్రణ మరొకటి, ఈ రెండింటి నడుమ విస్తరించిన మూడవ తెగ ఇంకొకటి. వాణిజ్య ప్రకటన ఈ మూడవ తెగకు చెందుతుంది. గ్రాఫిక్ డిజైన్‌లో ప్రతి ఇంటికీ, ప్రతి మనిషికీ చేరే రూపం ప్రకటన ఒక్కటేనని వ్యాసకర్త వాదించారు. ఆ వ్యాసకర్త డ్విగ్గిన్స్. ‘గ్రాఫిక్ డిజైన్’ అనే పదబంధాన్ని ఆయనే సృష్టించారని చాలాకాలం చెప్పుకొన్నారు. అంతకుముందే ఆ మాట అక్కడక్కడా వాడుకలో ఉన్నట్టు తరువాతి పరిశోధకులు చూపారు. అయినా, ఒక వృత్తిని మొత్తంగా చూసి దానికి ఆ పేరు పెట్టి చర్చించిన తొలి రచనల్లో ఇది ఒకటన్న మాటకు భంగం లేదు.

ప్రకటన గురించి అంత నమ్మకంగా రాసిన వ్యక్తి ప్రకటనల రంగాన్ని వదిలివెళ్లడానికి దారి వెతుకుతున్న కాలం కూడా అదే. ఆ ఏడాదే ఆయనకు మధుమేహం ఉన్నట్టు తేలింది. అప్పటికి ఆయన వయస్సు 42 ఏళ్లు. తరువాతి పదిహేనేళ్లలో ఆయన అమెరికన్ పుస్తకాల రూపురేఖలను మార్చారు. పిమ్మట ఆ పుస్తకాల్లోని అక్షరాలనే కొత్తగా గీశారు. ఒకే వృత్తిలో ఒక శాఖ నుంచి మరొక శాఖకు మారడం పైకి చిన్న మార్పుగా కనిపించవచ్చు. ఒకే బల్ల, అవే కలాలు, అదే సిరా. కాని ప్రకటనకు, పుస్తకానికి, టైపుకు కాలంతో ఉన్న సంబంధం ఒకటి కాదు. ప్రకటన ఒక వారం బతుకుతుంది. పుస్తకం ఒక తరం బతుకుతుంది. టైపు అయితే దాన్ని గీసిన మనిషి ఎన్నడూ చూడని మాటలను మోస్తూ పోతుంది. ఈ తేడాను డ్విగ్గిన్స్ ఎలా దాటారన్నదే ఇక్కడి విచారణ.

షికాగో నుంచి హింగమ్ దాకా

డ్విగ్గిన్స్ 1880 జూన్ 19న ఒహాయో రాష్ట్రంలోని మార్టిన్స్‌విల్‌లో జన్మించారు. 1899లో షికాగో వెళ్లి ఫ్రాంక్ హోమ్ నడిపిన చిత్రకళా పాఠశాలలో చేరారు. అక్కడ అక్షరరచన నేర్పినవారు ఫ్రెడరిక్ గౌడీ. తరువాతి కాలంలో అమెరికాలో అత్యధిక సంఖ్యలో టైపులు రూపొందించిన వారిలో ఒకరిగా పేరుపొందిన గౌడీకి అప్పటికి అంత ప్రఖ్యాతి లేదు. చదువు ముగిశాక డ్విగ్గిన్స్ ఒహాయోలో సొంత ముద్రణాలయం పెట్టి నిలదొక్కుకోలేకపోయారు. గౌడీ తన విలేజ్ ప్రెస్‌ను బోస్టన్‌కు సమీపంలోని హింగమ్‌కు తరలించినప్పుడు, 1904లో శిష్యుడు కూడా అక్కడికి చేరుకొన్నారు. రెండేళ్లకు గౌడీ న్యూయార్క్ వెళ్లిపోయారు. డ్విగ్గిన్స్ మాత్రం హింగమ్‌లోనే ఉండిపోయి, జీవితాంతం అక్కడే పనిచేశారు. వృత్తిలో శాఖలు మార్చిన మనిషి ఊరు మాత్రం మార్చలేదు.

తరువాతి రెండు దశాబ్దాలూ బోస్టన్ ప్రాంతపు వ్యాపార సంస్థలకు, కాగితపు కంపెనీలకు, మెరిమౌంట్ ప్రెస్ వంటి ముద్రణాలయాలకు ఆయన చేసిన పని విస్తారమైనది. చేతితో రాసిన శీర్షికలు, అంచు అలంకారాలు, కరపత్రాలు, నమూనా పుస్తకాలు – ఇవన్నీ ఆయన బల్ల మీదనే పుట్టాయి. పని దొరకని కళాకారుడు వృత్తి మార్చాడంటే కారణం వెతకనక్కర్లేదు. డ్విగ్గిన్స్ పని దొరకనివారు కారు, కోరి వచ్చే ఖాతాదారులు ఉన్నవారు. ఆయన మార్పుకు చారిత్రక ప్రాధాన్యం ఇందువల్లనే వచ్చింది.

వ్యాధి ఇచ్చిన గడువు

ఇన్సులిన్‌కు ముందు మధుమేహానికి కఠినమైన ఆహార నియంత్రణ తప్ప ఆధారపడదగిన చికిత్స లేదు. ఆ నియంత్రణ కూడా ఆయుష్షును కొంత పొడిగించేదేగాని వ్యాధిని నిలువరించేది కాదు. టొరంటోలో 1922 జనవరిలో తొలిసారిగా ఒక రోగికి ఇన్సులిన్ ఇచ్చారు. 1923 నాటికి అది వ్యాపార స్థాయిలో తయారు కావడం మొదలైంది. డ్విగ్గిన్స్ అదృష్టమంతా ఈ రెండు తేదీల నడుమ ఉంది. వ్యాధి రెండు మూడేళ్లు ముందుగా ముదిరి ఉంటే ఆయన పేరు బోస్టన్ ప్రకటనల చరిత్రలో ఒక పాదసూచికగా మిగిలేది.

మరణం ఎదురుగా నిలబడితే మనిషి తనకు నచ్చిన పనే చేయాలనుకొంటాడు. అందువల్ల వ్యాధి, దాని వెంటనే వృత్తిమార్పు అనే కథనం చెప్పడానికి సులువుగా ఉంటుంది. డ్విగ్గిన్స్ కూడా ఆ రోజుల్లో ప్రకటనల పనిపై విసుగును మిత్రులకు దాచలేదు. అయితే ఈ కథనానికి రెండు అడ్డంకులున్నాయి.

మొదటిది, పుస్తకాల మీద ఆయన దృష్టి వ్యాధికన్నా ముందే పడింది. 1919లో ‘సొసైటీ ఆఫ్ కాలిగ్రఫర్స్’ అనే సంస్థ పేరుతో ఒక చిన్న పుస్తకం వెలువడింది. ఆనాటి పుస్తకాల భౌతిక లక్షణాలపై జరిగిన విచారణ నివేదికగా అది కనిపిస్తుంది. ప్రచురణకర్తలను సాక్షులుగా పిలిచి ప్రశ్నించినట్టు, వారు తమ పుస్తకాలు నాసిరకంగా ఉండటానికి నానా సాకులూ చెప్పినట్టు అందులో ఉంది. పుస్తకాల నాణ్యత ఏటేటా దిగజారుతున్నట్టు చూపే రేఖాచిత్రం కూడా జోడించారు. విచారణ జరగలేదు, సాక్షులు లేరు, ఆ సంస్థ కూడా నిజమైనది కాదు. బంధువు లారెన్స్ సీగ్‌ఫ్రీడ్‌తో కలిసి డ్విగ్గిన్స్ చేసిన వ్యంగ్యరచన అది. హెర్మన్ ప్యూటర్‌షైన్ అనే ఊహాజనిత పండితుణ్ణి సృష్టించి, ఆ పేరుతో తన పనిని తానే విమర్శించుకొనే అలవాటు కూడా ఆయనకు ఉండేది. పరిశోధకులు ఈ మారుపేరును ఒక వినోదంగా దాటవేస్తారు. కాని బయటి నుంచి తన పనిని చూసుకొనే ఈ అలవాటే తరువాతి మార్పులన్నింటికీ మూలమని భావించడానికి అవకాశం ఉంది.

రెండవ అడ్డంకి తేదీలది. వ్యాధి 1922లో బయటపడింది. నాఫ్ ప్రచురణ సంస్థకు ఆయన రూపొందించిన తొలి ముఖ్య గ్రంథం 1926 నాటిది. టైపు రూపకల్పనకు ఒప్పందం కుదిరింది 1929లో. అంటే బల్ల మార్చడానికి ఏడేళ్లు పట్టింది. ఈ ఏడేళ్లూ ఇంటి ఖర్చును చాలా భాగం ప్రకటనల పనే భరించింది. కొత్త చికిత్సకూ, ఆహార నియమాలకూ డబ్బు కావలసిన రోజుల్లో రాబడిని ఒక్కసారిగా వదులుకొనే స్థితి ఆయనకు లేదు. వ్యాధి ఆయనకు ఒక గడువును గుర్తుచేసింది. దిక్కును మాత్రం చూపలేదు, అది అప్పటికే ఆయన ఎదుట ఉంది.

పుస్తకం: నడిమి మజిలీ

ఆల్‌ఫ్రెడ్ ఎ. నాఫ్ న్యూయార్క్‌లో 1915లో ప్రచురణ సంస్థను స్థాపించారు. పుస్తకం చూడటానికి కూడా బాగుండాలని పట్టుబట్టిన ప్రచురణకర్త ఆయన. విల్లా కేథర్ రచన ‘మై మోర్టల్ ఎనిమీ’ (1926)తో డ్విగ్గిన్స్ ఆ సంస్థకు పుస్తకాలు రూపొందించడం ఊపందుకొంది. అటుపై మూడు దశాబ్దాల్లో రెండు వందలకు పైబడిన నాఫ్ పుస్తకాలు ఆయన చేతిలో రూపు దిద్దుకొన్నాయి. వీటిలో చాలావరకు పరిమిత ప్రతుల విలాస గ్రంథాలు కావు. దుకాణంలో మామూలు ధరకు దొరికే నవలలు, చరిత్రలు, అనువాదాలు. 1919 నాటి వ్యంగ్యరచనలో వేసిన అభియోగానికి ఆయన పనిరూపంలో ఇచ్చిన పరిష్కారం ఇది.

ప్రకటనల అనుభవం ఇక్కడ ఎలా పనిచేసిందో గమనించదగినది. ప్రకటనకర్తకు ఖర్చు తెలుసు. ఒక రంగు అదనంగా వేస్తే ఎంత పెరుగుతుందో, బ్లాకు చేయించడానికి ఎంత అవుతుందో, కాగితం ఎక్కడ పొదుపు చేయవచ్చో తెలుసు. డ్విగ్గిన్స్ అలంకారాలను సెల్యులాయిడ్ పలకల్లో కత్తితో కోసి, ఆ చిన్న అచ్చులను పదేపదే వాడి, ఆకులు, గీతలు, చుక్కలతో కొత్త కొత్త అల్లికలు చేసేవారు. ఒకే అచ్చును తిప్పి, జరిపి, ఇంకో దానితో కలిపితే వేరే రూపం వస్తుంది. ముంగిట చుక్కల ముగ్గు వేసేవారికి ఈ కిటుకు వివరించనవసరం లేదు. పుస్తకం వెన్ను మీద, శీర్షిక పుటలో కనిపించే ఈ అలంకారాలు ఖరీదైన చెక్కడం లేకుండానే వచ్చాయి. పొదుపులో సొగసును రాబట్టే ఈ విద్యను ఆయనకు నేర్పింది లలితకళా ముద్రణ కాదు, వాణిజ్యమే.

ఫిర్యాదుకు వచ్చిన జవాబు

1928లో డ్విగ్గిన్స్ రాసిన ‘లేఅవుట్ ఇన్ అడ్వర్టైజింగ్’ వెలువడింది. ప్రకటనల రంగం నుంచి తప్పుకొంటున్న మనిషి ఆ రంగానికి అప్పగించిన పుస్తకం ఇది. నేర్చుకొన్నదంతా ఒకచోట పెట్టి, బల్ల శుభ్రం చేసి లేచినట్టుగా ఉంటుంది. ఇందులో ఒకచోట ఆయన సెరిఫ్‌లేని అక్షరాల గురించి, అంటే కొసల్లో చిన్న అంచులు లేకుండా మొద్దుగా ముగిసే రోమన్ అక్షరాల గురించి అసంతృప్తి వ్యక్తం చేశారు. ఆ శైలిలో కాపిటల్ అక్షరాలు తప్పనిసరే అయినా వాటికి సరైన రూపం ఇంతవరకు రాలేదన్నది ఆయన వాదం.

ఆ కాలంలో ఇది కేవలం రుచికి సంబంధించిన మాట కాదు. జర్మనీలో పాల్ రెన్నర్ ‘ఫ్యూచురా’, రుడోల్ఫ్ కోఖ్ ‘కాబెల్’ 1927లో వెలువడ్డాయి. మరుసటి ఏడాది ఇంగ్లండులో ఎరిక్ గిల్ ‘గిల్ సాన్స్’ వచ్చింది. అమెరికన్ ప్రకటన సంస్థలు ఈ దిగుమతి టైపుల వెంట పడుతున్నాయి. అమెరికాలో కంపోజింగ్ యంత్రాల మార్కెట్టును ఏలుతున్న మెర్గెన్‌థాలర్ లైనోటైప్ కంపెనీకి వాటికి దీటైనది ఒకటి కావాలి. ఆ కంపెనీకి చెందిన హ్యారీ గేజ్ డ్విగ్గిన్స్ పుస్తకం చదివి ఉత్తరం రాశారు. ఉన్నవి బాగా లేవంటున్నారు గనుక మీరే ఒకటి గీసి చూపండి అన్నది ఆ ఉత్తరం సారం. 1929లో ఒప్పందం కుదిరింది. అప్పటికి డ్విగ్గిన్స్ వయస్సు 49కి చేరువలో ఉంది. అంతవరకు ఆయన ఒక్క టైపునూ తయారుచేసినవారు కారు.

టైపు రూపకర్తగా ఎంపిక కావడానికి ఆయనకున్న అర్హత ఏమిటి? అక్షరరచనలో ఆయన సిద్ధహస్తులే. అటువంటివారు అమెరికాలో ఇంకా ఉన్నారు. టైపు చెక్కడంలో గౌడీ వంటి అనుభవజ్ఞులూ ఉన్నారు. డ్విగ్గిన్స్ ప్రత్యేకత వినియోగదారుడి అసంతృప్తి. పాతికేళ్లపాటు అక్షరాలను కొనుక్కొని, అమర్చి, అవి ఎక్కడ తడబడుతున్నాయో ప్రతిరోజూ చూసిన కన్ను ఆయనది. తయారీదారుకు కనిపించని లోపం వాడేవారికి కనిపిస్తుంది. కొత్త శాఖలోకి ఆయనను తీసుకువెళ్లింది పాత శాఖలో దొరికిన విజయం కాదు, అక్కడ తీరని ఇబ్బంది.

ఫలితంగా వచ్చిన టైపు ‘మెట్రో’. 1930 ప్రాంతంలో అది మార్కెట్టులోకి వచ్చింది. జ్యామితి పరికరాలతో గీసినట్టుండే ఫ్యూచురాకు భిన్నంగా ఇందులో చేతిరాత జాడ ఉంది. అయితే ఈ కథకు ఒక చేదు మలుపు కూడా ఉంది. ప్రకటన సంస్థలు అడిగింది ఫ్యూచురాకు మెరుగైన ప్రత్యామ్నాయం కాదు, ఫ్యూచురానే. వారి ఒత్తిడికి లొంగి కంపెనీ ‘మెట్రో నంబర్ 2’ పేరుతో కొన్ని అక్షరాలను, ముఖ్యంగా ఆంగ్లంలోని చిన్న ఏ, జీ అక్షరాలను ఫ్యూచురా పద్ధతిలోకి మార్చింది. ఏ మార్కెట్టు నుంచి తప్పుకోవాలని డ్విగ్గిన్స్ బయలుదేరారో అదే మార్కెట్టు కొత్త బల్ల దగ్గర కూడా ఆయనను వెతుక్కొంటూ వచ్చింది.

యంత్రం పెట్టిన షరతులు

మెట్రో తరువాత ఆయన ప్రకటన టైపును పక్కనపెట్టి పుస్తకాలకు పనికివచ్చే టైపుల వైపు తిరిగారు. ఈ దశలో ఆయన సహచరుడు లైనోటైప్‌లో టైపు అభివృద్ధి విభాగాన్ని నడిపిన చాన్సీ గ్రిఫిత్. డ్విగ్గిన్స్ హింగమ్‌లోనూ, గ్రిఫిత్ బ్రూక్లిన్‌లోనూ ఉండటం వల్ల వారి సంభాషణ చాలావరకు ఉత్తరాల్లోనే జరిగింది. ఆ ఉత్తరాలు నేడు టైపు చరిత్రకారులకు అపూర్వమైన ఆధారం. ఒక అక్షరం ఎందుకు లావైంది, ఎందుకు సన్నబడింది అన్నది అంత వివరంగా నమోదైన సందర్భాలు ఆ కాలంలో అరుదు.

ఉత్తరాల్లో తరచుగా వచ్చేది యంత్రం గొడవ. ఆట్‌మార్ మెర్గెన్‌థాలర్ కనిపెట్టిన లైనోటైప్ 1886లో ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’ కార్యాలయంలో తొలిసారి పనిచేసింది. మీట నొక్కితే అక్షరపు ఇత్తడి అచ్చు ఒకటి జారి వరుసలో చేరుతుంది. వరుస పూర్తయ్యాక కరిగిన లోహాన్ని దానిపై పోస్తే ఆ వాక్యభాగం మొత్తం ఒకే దిమ్మగా వస్తుంది. వేగానికి ఇది అద్భుతం, అక్షరానికి సంకెల. అక్షరం తన ఇత్తడి అచ్చు అంచును దాటి పక్క అక్షరం మీదకు వాలకూడదు. అందువల్ల కింది దాకా వంపు తిరిగే ఇటాలిక్ ఎఫ్ వంటి అక్షరం ముడుచుకోవలసివస్తుంది. పైగా ఒకే అచ్చుపై నిలువు అక్షరమూ, దాని ఇటాలిక్ రూపమూ రెండూ ఉంటాయి. కాబట్టి ఆ రెండింటి వెడల్పూ ఒకటే కావాలి. సహజంగా ఇటాలిక్ ఇరుకుగా ఉంటుంది. దాన్ని సాగదీయాలి, లేదా నిలువు అక్షరాన్ని కుదించాలి.

ప్రకటన శీర్షికను చేత్తో గీసే రోజుల్లో డ్విగ్గిన్స్‌కు ఈ బాధ లేదు. అక్కడ ఒక్కొక్క మాట ఒక్కొక్క బొమ్మ. పక్క అక్షరం ఏదో తెలుసు గనుక దానికి తగినట్టు ఒదిగించవచ్చు. టైపులో ప్రతి అక్షరం ఏ అక్షరం పక్కనైనా నిలబడాలి. వృత్తిమార్పులో ఆయన నిజంగా మరచిపోవలసివచ్చిన పాత విద్య ఇదొక్కటే కావచ్చు. అందమైన అక్షరాన్ని గీయడం మానుకొని, పొరుగువారితో సర్దుకుపోయే అక్షరాన్ని గీయడం ఆయన నేర్చుకొన్నారు.

1935లో వచ్చిన ‘ఎలెక్ట్రా’లో ఈ సర్దుబాటు స్పష్టంగా కనిపిస్తుంది. పాత టైపుల్లోని కలపు పోకడలను వదిలి, యంత్రయుగపు చురుకు కలిగిన అక్షరం కావాలని ఆయన కోరుకొన్నారు. దాని ఇటాలిక్‌ను మొదట చేతిరాత రూపంలో కాక, నిలువు అక్షరాన్నే కొద్దిగా వాల్చినట్టు చేశారు. వెడల్పుల సమస్యకు అది ఒక పరిష్కారం కూడా. పాఠకులకు, ముద్రకులకు అది రుచించలేదు. కొంతకాలానికి సంప్రదాయమైన ఇటాలిక్‌ను విడిగా జోడించవలసివచ్చింది. 1930ల చివరలో వచ్చిన ‘కాలెడోనియా’కు మాత్రం ఇటువంటి ఎదురుదెబ్బ తగలలేదు. పాత ‘స్కాచ్ రోమన్’ టైపును సరిదిద్దబోయి, అది సాగక, కొత్తగా గీసిన టైపు ఇది. స్కాట్లండుకున్న లాటిన్ పేరు దానికి పెట్టారు. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలపు అమెరికన్ పుస్తకాల్లో అత్యంత విరివిగా కనిపించే టైపుల్లో ఇది ఒకటి.

గెలిచినవాటి పట్టిక ఇచ్చి ఆగిపోతే చరిత్ర తప్పుదారి పడుతుంది. గ్రిఫిత్‌తో కలిసి డ్విగ్గిన్స్ మొదలుపెట్టిన టైపుల్లో ఎక్కువ భాగం ప్రయోగదశ దాటలేదు. వార్తాపత్రికల కోసం గీసిన ‘హింగమ్’ విడుదల కాలేదు. ‘చార్టర్’, ‘ఆర్కేడియా’, ‘టిప్పకనూ’ వంటివి నమూనా పుటలకు, ఒకటి రెండు చిన్న పుస్తకాలకు పరిమితమయ్యాయి. మాడ్రిడ్ ముద్రకుడు ఆంటోనియో దె సాంచా 18వ శతాబ్దిలో వాడిన టైపు ఆధారంగా రూపొందిన ‘ఎల్డొరాడో’ 1953లో గాని వెలుగు చూడలేదు. ‘ఫాల్కన్’ విడుదలైన 1961 నాటికి ఆయన మరణించి అయిదేళ్లయింది. ఆర్థిక మాంద్యం, యుద్ధకాలపు లోహపు కొరత ఇందుకు కొంత కారణం. ప్రకటనల రంగంలో గీసినదానికి వెంటనే రుసుము వచ్చేది, వారంలో అచ్చయ్యేది. టైపు రంగంలో దశాబ్దాలు ఎదురుచూసినా అచ్చుకాకపోవచ్చు. ఈ నష్టాన్ని ఆయన తెలిసే ఒప్పుకొన్నారు.

కొయ్యబొమ్మ ముఖం

డ్విగ్గిన్స్‌కు దారాలతో ఆడించే కొయ్యబొమ్మలంటే ప్రాణం. హింగమ్‌లో చిన్న రంగస్థలం కట్టి, నాటికలు రాసి, బొమ్మలు చెక్కి, ఇరుగుపొరుగుకు ఆడించి చూపేవారు. ఒక యువతి బొమ్మను చెక్కేటప్పుడు ఆయనకు ఒక సంగతి బోధపడింది. చెక్కిళ్లను దగ్గరగా చూసి నున్నగా, మెత్తగా చెక్కితే, ప్రేక్షకులు కూర్చునే దూరం నుంచి ఆ ముఖం చప్పగా, ఆకారం లేనట్టుగా కనిపిస్తుంది. అదే చెక్కిలిని కత్తివాటుగా, పదునైన పలకలుగా చెక్కితే దూరం ఆ పదునును కరిగించి, కోమలమైన ముఖాన్ని చూపుతుంది. తోలుబొమ్మలకు నగలుగా వేసే రంధ్రాలు చేతిలో పట్టుకొని చూస్తే వట్టి బెజ్జాలే, తెర వెనుక దీపం వెలిగితేనే అవి హారాలవుతాయి.

చిన్న టైపుకూ ఇదే సూత్రం వర్తిస్తుందని డ్విగ్గిన్స్ ఊహించారు. పుటపై అక్షరం ఎంత చిన్నదంటే, కంటికి అది దూరాన ఉన్న బొమ్మ ముఖంలాంటిదే. పెద్ద చిత్రంలో నున్నగా తిరిగిన వంపు అచ్చులో మొద్దుబారుతుంది. అక్కడ వంపును కోణంగా విరిస్తే అచ్చులో అది చురుకైన వంపుగా చదవబడుతుంది. మారియొనెట్ అనే మాటలోని మొదటి అక్షరంతో దీనికి ‘ఎమ్ సూత్రం’ అని పేరుపెట్టి గ్రిఫిత్‌కు వివరించారు. ఫాల్కన్, హింగమ్ వంటి ప్రయోగాల్లో దీన్ని పరీక్షించారు. వృత్తిశాఖల మధ్య సరిహద్దులు ఎంత కృత్రిమమో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. టైపు రూపకల్పనలో ఆయన చేసిన అత్యంత మౌలికమైన ఆలోచన టైపు రంగం నుంచీ రాలేదు, ప్రకటనల నుంచీ రాలేదు. రుసుము లేని ఒక సరదా నుంచి వచ్చింది.

భారతీయ లిపుల్లో ఒక సమాంతరం

డ్విగ్గిన్స్ 1956 డిసెంబరు 25న మరణించారు. సుమారుగా అదే కాలంలో ముంబయిలో ప్రకటనల రంగంలోకి అడుగుపెట్టిన రఘునాథ్ కృష్ణ జోషీ (1936–2008) తన జీవితంలో ఇటువంటి దారినే నడిచారు. ఇద్దరికీ ప్రత్యక్ష సంబంధం ఉన్నదని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఒకే కారణం రెండు దేశాల్లో ఒకే తరహా ఫలితాన్ని ఇచ్చిందా అన్నదే పరిశీలనాంశం.

జోషీ ఉల్కా ప్రకటన సంస్థలో రెండు దశాబ్దాలకు పైగా కళాదర్శకులుగా పనిచేశారు. మరాఠీ కవి కూడా. భారతీయ భాషల్లో ప్రకటన చేయాలంటే ఆనాడు ఎదురయ్యే మొదటి చిక్కు అక్షరమే. ఆంగ్లానికి పదుల కొద్దీ టైపులు దొరికేవి. దేశభాషలకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మిగిలినదంతా లెటరింగ్ కళాకారుడు చేత్తో రాయవలసిందే. ఈ కొరతలో పనిచేసిన జోషీ 1983లో ఐ.ఐ.టి. బొంబాయిలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్‌లో ఆచార్యులుగా చేరారు. అక్కడి నుంచి నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీకి, అంటే తరువాత సి-డాక్‌లో విలీనమైన సంస్థకు వెళ్లి కంప్యూటరు ఫాంట్లపై పనిచేశారు. మైక్రోసాఫ్ట్ విండోస్‌లో భారతీయ లిపులకు ఇచ్చిన ఫాంట్ల రూపకల్పనకు ఆయన టైపు దర్శకులు. దేవనాగరికి ‘మంగళ్’, కన్నడానికి ‘తుంగ’, తెలుగుకు ‘గౌతమి’ ఈ వరుసలోనివే. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి వచ్చింది. కంప్యూటరులో యూనికోడ్ తెలుగును తొలిసారి చూసిన చాలామందికి కనిపించిన రూపం అదే.

గౌతమి అందచందాలపై భిన్నాభిప్రాయాలున్నాయి. దాని అక్షరాలు చిన్నవిగా, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉంటుందన్నది తరచుగా వినిపించే ఆక్షేపణ. దీన్ని రూపకర్తల అభిరుచికి ఆపాదించే ముందు షరతులను చూడటం న్యాయం. అది ముఖ్యంగా తెర మీది మెనూలు, పెట్టెలు, శీర్షికల కోసం తయారైన ఫాంటు. తెలుగులో తలకట్టుకు పైన గుడులు, అక్షరానికి కింద వత్తులు, ఒక్కొక్కప్పుడు రెండు వత్తులు. వీటన్నింటికీ ఒకే వరుసలో చోటు కల్పిస్తే ప్రధానాక్షరానికి మిగిలే ఎత్తు తక్కువ. ఎత్తును పెంచితే వత్తులు తెగిపోతాయి. లైనోటైప్ ఇత్తడి అచ్చు అంచుల్లో ఎఫ్ అక్షరం ముడుచుకొన్నట్టే, మెనూ పెట్టె అంచుల్లో తెలుగక్షరం ముడుచుకొంది.

పోలిక ఇంతకుమించి సాగదు. డ్విగ్గిన్స్ తన మాతృభాష లిపికే పనిచేశారు, ఒంటరిగా గీశారు. జోషీ అనేక లిపులకు బృందాలను నడిపించారు. వాటిలో తెలుగు ఆయన సొంత లిపి కాదు. అయినా ఇద్దరి విషయంలోనూ మార్పుకు ముందున్న స్థితి ఒకటే. దొరికిన అక్షరంతో సరిపెట్టుకోవలసివచ్చిన ప్రకటనకర్త, తానే అక్షరాన్ని తయారుచేసే చోటికి వెళ్లాడు. ఇద్దరి మార్పుకూ కొత్త యంత్రం తలుపు తీసింది. అక్కడ కంపోజింగ్ యంత్రాల మధ్య పోటీ, ఇక్కడ యూనికోడ్.

గుర్తింపు విషయంలో మాత్రం తేడా పెద్దది. నాఫ్ పుస్తకాల చివర టైపు గురించిన చిన్న గమనిక అచ్చువేసే సంప్రదాయం ఉంది. ఎలెక్ట్రాలోనో, కాలెడోనియాలోనో కూర్చిన పుస్తకమైతే అది ఏ టైపో, దాన్ని రూపొందించినది డబ్ల్యు. ఎ. డ్విగ్గిన్స్ అన్నదీ ఆ గమనికలో ఉంటుంది. నవల పూర్తిచేసిన పాఠకుడు ఆఖరి పుటలో ఆ పేరు చదువుతాడు. గౌతమిలో కూర్చిన తెలుగు వ్యాసాల్లో, సిద్ధాంత గ్రంథాల్లో, ప్రభుత్వ పత్రాల్లో అటువంటి పుట సాధారణంగా కనిపించదు.